గీకితేనే మెరుపు... ఎంత గీకాలి?

కారు కొన్న నాలుగైదేళ్లకు రంగు వెలవెలబోవడం మొదలవుతుంది. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏ పాలిష్ మంచిది?" యాక్సెసరీస్ షాపులోకి వెళ్తే అరల నిండా సీసాలు, డబ్బాలు. రబ్బింగ్ కాంపౌండ్, పాలిషింగ్ కాంపౌండ్, స్క్రాచ్ రిమూవర్, గ్లేజ్, క్రీమ్ వాక్స్, లిక్విడ్ వాక్స్. ఏ సీసా చూసినా దాని మీద తళతళలాడే కారు బొమ్మే. షాపతను ఏది ఎక్కువ అమ్ముడుపోతుందో అది తీసి చేతిలో పెడతాడు. అది మంచి సరుకే అయ్యుండొచ్చు, మీ కారుకు కావలసింది మాత్రం అది కాకపోవచ్చు.

అందుకే ఈ అధ్యాయంలో బ్రాండ్ల జోలికి పోవడం లేదు. మెరుపు ఎందుకు పోయిందో పోల్చుకోవడం వస్తే సీసా ఎంచుకోవడం పది నిమిషాల పని. అది రాకపోతే ఎంత ఖరీదైన సీసా కొన్నా డబ్బు దండగే, ఒక్కోసారి పెయింటూ దండగే.

ముందు పెయింటు సంగతి. ఇప్పటి కార్లలో రేకు మీద వరుసగా నాలుగు పొరలుంటాయి. తుప్పు పట్టకుండా బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి కరెంటు సాయంతో పట్టించే ఈ-కోట్ మొదటిది. దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. నాలుగూ కలిపితే మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ వాటా 35 నుంచి 50 దాకా. తల వెంట్రుక మందమే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే మీ కారుకున్న మెరుపంతా వెంట్రుక కంటే పల్చని పొరలో ఉందన్నమాట. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు కలిపేది కూడా ఆ పొరలోనే. అది మరీ పల్చబడితే కింద రంగు వెలిసిపోతుంది, ఆ తర్వాత క్లియరే పెచ్చులుగా లేస్తుంది.

గీత పోగొట్టడమంటే చాలామంది దాన్ని పూడ్చడం అనుకుంటారు. కాదు. గీత చుట్టూ ఉన్న క్లియర్‌ను గీత అడుగుదాకా అరగదీసి చదును చేయడం. కాంపౌండ్ చేసేదీ అదే, పాలిష్ చేసేదీ అదే. ఎంత అరగదీస్తాయన్నదే తేడా. క్లియర్ కోట్ ఖర్చే తప్ప జమ లేని బ్యాంకు ఖాతా. అందుకని పని అయ్యేందుకు సరిపోయే సరుకుల్లో అన్నిటికన్నా మెత్తనిది ఏదో అదే మీ సరుకు. ఇక ముందు చెప్పేదంతా దాన్ని వెతుక్కోవడం గురించే.

కారును శుభ్రంగా కడిగి, తుడిచి, నీడలో పెట్టండి. చేతికి పల్చని ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాయండి. వట్టి చేతికి తెలియని గరుకు కవరు మీదుగా స్పష్టంగా తెలుస్తుంది. గరగరలాడితే పెయింటు మీద ఏదో అతుక్కుని ఉన్నట్టు. తర్వాత ఫోన్ టార్చి వేసి ఏటవాలుగా చూడండి. వెలుతురు చుట్టూ గుండ్రంగా అల్లుకున్నట్టు సన్నని గీతలు కనిపిస్తే అవి స్విర్ల్ మార్కులు. ఒక గీత మీద నాలుగు నీటి చుక్కలు వేయండి. తడిసినప్పుడు గీత మాయమై ఆరాక మళ్లీ కనిపిస్తే అది క్లియర్‌లోనే ఉంది, పాలిష్‌తో చాలావరకు పోతుంది. తడిసినా తెల్లగానో నల్లగానో కనిపిస్తూనే ఉంటే క్లియర్ దాటిపోయింది. గోరు అడ్డంగా లాగితే గోరు తట్టుకునే గీతల జోలికి వెళ్లకండి. వాటిని పూర్తిగా తీయాలంటే అక్కడ క్లియర్ మిగలదు. అంచులు కాస్త మెత్తబరిస్తే కంటికి అంతగా ఆనవు, అంతటితో సరిపెట్టుకోవాలి. లేదా టచప్ వేయించాలి.

అసలు మన దగ్గర చాలా కార్ల మెరుపు గీతల వల్ల పోదు, పైన పేరుకున్న వాటి వల్ల పోతుంది. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేసిన కారు సంగతే చూడండి. నీరు ఆవిరైపోతుంది, అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి చుక్కలై మిగులుతాయి. వాటి మీద కాంపౌండ్ రుద్దడం తెలివితక్కువ పని. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, చల్లగా ఉన్న పెయింటు మీద గుడ్డతో అద్ది, ఒకటి రెండు నిమిషాలాగి, మంచినీళ్లతో బాగా కడిగేయండి. కొత్త మరకలు అక్కడితో పోతాయి. నెలల తరబడి ఎండలో కాలి క్లియర్‌లోకి దిగినవి మాత్రం పోవు, వాటికి పాలిష్ కావాలి. పక్షి రెట్టల మచ్చలూ అంతే. అందులోని ఆమ్లం మే నెల ఎండలో ఎంత తొందరగా పని చేస్తుందో వేప చెట్టు కింద కారు పెట్టేవాళ్లకు చెప్పక్కర్లేదు.

విశాఖపట్నంలో పోర్టు వైపు ఉండేవాళ్ల బాధ ఇంకో రకం. బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి పడి పడి కారు కడిగాక కూడా గరుకుగానే ఉంటుంది. ఇలాంటి చోట క్లే బార్ కొనండి. మెత్తని మట్టి ముద్దలా ఉంటుంది. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, బరువు వేయకుండా జారుస్తూ పోతే అతుక్కున్నదంతా ముద్దకు అంటుకుని వస్తుంది. ముద్దను మడుస్తూ శుభ్రమైన వైపు వాడాలి. కింద పడిందంటే మాత్రం మొహమాటం లేకుండా పారేయండి, నేల మీది ఇసుక రేణువు ఒక్కటి చాలు బానెట్ పొడవునా గీత పడటానికి. తారు మచ్చలకు కిరోసిన్ అద్దిన గుడ్డ పని చేస్తుంది, కాకపోతే వెంటనే షాంపూతో కడగాలి. క్లే చేశాక కారు చూడండి. చాలామందికి అక్కడితోనే పని అయిపోతుంది, వాక్స్ వేసుకుంటే చాలు. కాంపౌండ్ డబ్బులు మిగిలినట్టే.

గీతలు మిగిలితే అప్పుడు సీసాల దగ్గరికి వద్దాం.

కాంపౌండ్‌లోనూ పాలిష్‌లోనూ ఉండేది రాపిడి పొడి. ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్. రేణువు పెద్దదైతే కోత ఎక్కువ, దాని వెనక మసకా ఎక్కువ. చిన్నదైతే కోత తక్కువ, నునుపు ఎక్కువ. రబ్బింగ్ కాంపౌండ్ అని రాసి ఉన్నవి ముతకవి. పెయింటింగ్ షెడ్డుల్లో వాటర్ పేపర్ కొట్టాక ఆ గీతలు తీయడానికి వాడేవి. పాలిషింగ్ కాంపౌండ్ మధ్యరకం. ఫైన్ పాలిష్, ఫినిషింగ్ పాలిష్ అన్నవి మెత్తనివి. కానీ పేర్లను పూర్తిగా నమ్మకండి. ఒక కంపెనీ పాలిష్ అన్నది ఇంకో కంపెనీ కాంపౌండ్ అంత కోస్తుంది. సీసా వెనక 'కట్' ఎంత, 'ఫినిష్' ఎంత అని అంకెలో గీతలో ఉంటాయి, పేరు కంటే అవే నయం. అవి కూడా ఆ కంపెనీ సరుకుల్లో ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే పనికొస్తాయి.

ఇంకో తేడా తెలుసుకుని ఉండాలి. కొన్నిటిలో రేణువులు రుద్దుతున్నకొద్దీ చితికి చిన్నవవుతాయి. వీటిని మధ్యలో ఆపేస్తే మసక మిగులుతుంది, పూర్తిగా పని చేయనివ్వాలి. మరికొన్నిటిలో రేణువు మొదటి నుంచీ ఒకే సైజులో సన్నగా ఉంటుంది. ఎంతసేపు రుద్దాలన్నది మీ చేతిలో ఉంటుంది. చేత్తో చేసుకునేవాళ్లకు ఈ రెండో రకమే మంచిదని నా అభిప్రాయం. చితికే రకాన్ని సరిగా చితికించేంత వేగం, ఒత్తిడి చేతికి రావు.

సీసా కంటే ప్యాడ్ ముఖ్యం అంటే షాపుల్లో నవ్వుతారు గానీ పని చేసేవాళ్లు ఒప్పుకుంటారు. ఒకే కాంపౌండ్ ఉన్ని ప్యాడ్ మీద వేస్తే దూకుడుగా కోస్తుంది, మైక్రోఫైబర్ ప్యాడ్ మీద కొంచెం తగ్గుతుంది, గట్టి ఫోమ్ మీద ఇంకా తగ్గుతుంది, మెత్తని ఫోమ్ మీద దాదాపు పాలిష్ లాగే నడుస్తుంది. అందుకే రెండు సీసాలు, మూడు ప్యాడ్లు ఉంటే ఇంట్లో వాడే కారుకు సరిపోతాయి. ఆరు సీసాలు అక్కర్లేదు. ఫోమ్ రంగును బట్టి గట్టిదో మెత్తదో తేల్చకండి, ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క.

మిషన్లు రెండు రకాలు. షెడ్డుల్లో ఎక్కువగా కనిపించేది రోటరీ. ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది, ఒకేచోట నిలిపితే వేడెక్కి క్లియర్ కాలిపోతుంది. చేయి తిరిగిన మేస్త్రీ చేతిలో అద్భుతం, కొత్తవాడి చేతిలో ప్రమాదం. రెండోది డ్యూయల్ యాక్షన్, అందరూ డీఏ అంటారు. తిరుగుతూ ఊగుతుంది కనుక వేడి ఒకేచోట పేరుకోదు. ఇంట్లో సొంతంగా చేసుకోవాలనుకుంటే డీఏ తప్ప ఇంకోటి కొనకండి.

ఇప్పుడు అసలు పని. కారు మొత్తం మీద మొదలుపెట్టకూడదు. బానెట్ మీద రెండడుగుల చదరం ఒకటి టేపుతో గుర్తు పెట్టుకోండి. మెత్తని ఫోమ్ ప్యాడ్, ఫైన్ పాలిష్‌తో మొదలుపెట్టండి. ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు నాలుగు, ప్యాడ్ కొత్తదైతే ఇంకో రెండు. మిషన్ ఆన్ చేయకముందే చదరమంతా అద్దండి, లేకపోతే చొక్కా నిండా చిమ్ముతుంది. తక్కువ స్పీడులో పరచండి. తర్వాత స్పీడు మధ్యకు పెంచి, మిషన్ బరువుకు చేతి బరువు కాస్త కలిపి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, గీతకు గీత సగం కలిసేలా నెమ్మదిగా నడపండి. తొందరగా ఊపితే పని జరగదు, చేతులు మాత్రం నొప్పెడతాయి. అలా నాలుగు నుంచి ఆరుసార్లు. తెల్లటి పాలిష్ పల్చబడి నూనె పూసినట్టు పారదర్శకమైతే ఆపండి. అరచేయి ఆనించి చూడండి. వెచ్చగా ఉండొచ్చు, చేయి తీసేసేంత వేడి ఉండకూడదు. మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. పాత బనియన్ గుడ్డ వద్దు, తీసిన గీతలు అది మళ్లీ పెడుతుంది.

టార్చి వేసి చూడండి. గీతలు పోయాయా? అయితే అదే మీ సరుకు, కారంతా దాంతోనే. సగం పోయాయా? సీసా మార్చకుండా ప్యాడ్ ఒక మెట్టు గట్టిది వేసి మళ్లీ చూడండి. అప్పటికీ లొంగకపోతేనే కాంపౌండ్. కాంపౌండ్ వాడితే దాని మసక తీయడానికి వెనకాలే ఫైన్ పాలిష్ తప్పదు. పెయింట్లన్నీ ఒకేలా ఉండవు. కొన్ని కార్ల క్లియర్ మెత్తగా ఉండి చిన్న తాకిడికే గీతలు పడుతుంది, అంతే సులువుగా వదులుతుంది. కొన్నిటిది గట్టిగా ఉండి గంటసేపు రుద్దినా చలించదు. పక్కింటి కారుకు పనిచేసింది మీ కారుకు పనిచేస్తుందని అందుకే చెప్పలేం. చదరం తేల్చేదాకా ఏ సీసా మీదా అభిప్రాయం పెట్టుకోకండి.

డోరు అంచులు, బానెట్ మడతలు, బాడీ గీతలు తేలిన చోట్ల పెయింటు పల్చగా ఉంటుంది. వాటి మీద ముందే టేపు వేయండి. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి వేడి త్వరగా పోదు, అక్కడ ఒత్తిడి తగ్గించండి. పెయింటు మందం కొలిచే మీటరు దొరికితే మంచిదే, దాని పరిమితి కూడా తెలిసుండాలి. అది నాలుగు పొరల మొత్తం మందం చెబుతుంది, క్లియర్ ఎంత ఉందో చెప్పదు. మామూలు మీటర్లు ప్లాస్టిక్ మీద పనిచేయవు. సెకండ్ హ్యాండ్ కారులో ఒక డోరు మాత్రం 300 చూపిస్తే మందంగా ఉందని సంబరపడకండి, రీపెయింటు చేశారని అర్థం. కింద పుట్టీ కూడా ఉండొచ్చు.

మిషన్ లేకుండా చేత్తో అవుతుందా? అవుతుంది, ఆశ తగ్గించుకుంటే. డోరు హ్యాండిల్ వెనక గోళ్ల గీతలు, డిక్కీ అంచున సంచుల గీతలు, ఒక మచ్చ, రెండు మరకలు... వీటికి ఫోమ్ అప్లికేటర్, మధ్యరకం పాలిష్ చాలు. బానెట్ మొత్తం స్విర్ల్ మార్కులు చేత్తో తీస్తానంటే భుజం పోతుంది, మార్కులు ఉంటాయి.

పాత కార్ల లెక్క వేరు. అంబాసిడర్లు, పాత మారుతి 800లలో మామూలు రంగులవి చాలావాటికి క్లియర్ ఉండదు. రంగే పై పొర. అంబాసిడర్, మారుతి 800 రెండిటి తయారీ 2014లోనే ఆగిపోయినా చాలా ఇళ్లలో ఇంకా అపురూపంగా చూసుకుంటున్నారు. ఎవరికీ కనిపించని చోట, డోరు కింది భాగంలో, కొద్దిగా పాలిష్ రుద్ది చూడండి. గుడ్డకు కారు రంగు అంటితే క్లియర్ లేని పెయింటు. తెల్ల కారుకైతే నల్ల గుడ్డ వాడండి, లేకపోతే ఏమీ తెలియదు. వీటిలో మెరుపు పోవడమంటే పైన ఎండకు మాడిన రంగు పొడిలా తేలడం. మెత్తని పాలిష్‌కే అది లేచిపోయి కింద అసలు రంగు బయటపడుతుంది. రబ్బింగ్ కాంపౌండ్‌తో మోటుగా దిగితే ప్రైమర్ బయటపడుతుంది. అదే, క్లియర్ ఉన్న కారు మీద గుడ్డకు రంగు అంటిందంటే వెంటనే ఆపేయండి, క్లియర్ అయిపోయింది.

ఇక మోసం సంగతి. కొన్ని గ్లేజ్‌లు, సర్వీసింగ్‌లో కడిగాక పూసే కొన్ని పాలిష్‌లు గీతలను తీయవు, నూనెలతో నింపుతాయి. కారు తీసుకునేటప్పుడు అద్దంలా ఉంటుంది, నాలుగు వాష్‌లయ్యాక గీతలన్నీ తిరిగొస్తాయి. నింపడం తప్పని కాదు. పెళ్లికి కారు కావాలంటే నింపి పంపడం తెలివైన పనే, క్లియర్ ఖర్చు కాదు. గీతలు తీశామని డబ్బు తీసుకోవడమే తప్పు. తేల్చుకోవడం సులువు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అంతే నీళ్లు కలిపి ఒకచోట తుడవండి. నూనె పోయి నిజం కనిపిస్తుంది. మీరు సొంతంగా చేసుకున్నప్పుడు కూడా ఒక్కో చదరం అయ్యాక ఇలా తుడిచి చూసుకోవాలి. డిటైలింగ్ షాపుకు ఇస్తే, "అన్నా, ఏ ప్యాడ్ వేస్తున్నవ్? అంచులకు టేప్ కొడతవా? వాటర్ పేపర్ పెడతవా?" అని ముందే అడగండి. విసుక్కునేవాడి దగ్గర కారు వదలకండి. తీసుకునేటప్పుడు ఎండలో చూడండి. షాపు లైట్లలో దాగిన బఫింగ్ గీతలు ఎండలో తిరగలి తిప్పినట్టు బయటపడతాయి.

టూత్‌పేస్టు, డీజిల్ చిట్కాల గురించి రెండు మాటలు. టూత్‌పేస్టులో రాపిడి పొడి ఉంటుంది కనుక ఏదో చేసినట్టే ఉంటుంది. అయితే ఆ పొడిని పెయింటు కోసం తయారుచేయలేదు, ఒక గీత తీసి పది గీతలు పెడుతుంది. డీజిల్ తుడిస్తే నూనె మెరుపు, సాయంత్రానికి దుమ్మంతా దాని మీదే. వాక్స్ కొనేటప్పుడూ జాగ్రత్త. రాపిడి లేని అసలు వాక్స్ వేరు, క్లీనర్ వాక్స్ వేరు. రెండోదానిలో కొంత పాలిష్ ఉంటుంది. నెలనెలా క్లీనర్ వాక్స్ వేయడమంటే నెలనెలా క్లియర్ గీకడమే.

గీతలు తీశాక పైన కాపలా పొర కావాలి. కార్నాబా వాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. నిండైన మెరుపు ఇస్తుంది, ముదురు రంగులకు బాగుంటుంది. బయట ఎండలో నిలిపే కారు మీద మాత్రం రెండు నెలలు నిలిస్తే గొప్ప. సింథటిక్ సీలెంట్ అంతకు రెట్టింపు నిలుస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ లేనివాళ్లకు నేను సీలెంటే చెబుతాను. సిరామిక్ కోటింగ్ ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది, ఖరీదూ అంతే. '9హెచ్ గట్టిదనం' అని గొప్పగా చెప్పే ఆ 9హెచ్, పెన్సిల్ ములుకుతో గీకి చూసే పరీక్షలోది, వజ్రాలు కొలిచే స్కేలుది కాదు. రాయి తగిలితే పెచ్చు లేస్తుంది, తాళంచెవితో గీస్తే గీత పడుతుంది. పైగా కింద గీతలుంటే వాటిని అలాగే బిగించేస్తుంది. కోటింగ్ నాణ్యత కంటే కోటింగ్‌కు ముందు పాలిష్ నాణ్యత చూడండి.

ఇంత చేశాక అపార్ట్‌మెంట్లో పొద్దున్నే ఒకే బకెట్, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచే పద్ధతికి మీ కారును మళ్లీ అప్పగిస్తే నెలలో గీతలు మొదటికొస్తాయి. మన కార్ల మీద స్విర్ల్ మార్కులు ఎక్కువగా అక్కడివే. దుమ్ము మీద పొడి గుడ్డ లాగడమంటే ముతక కాంపౌండ్ రుద్దడమే. తుడిచే అతనికి రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కొనివ్వండి. ముందు నీళ్లు పోసి దుమ్ము జారనివ్వమని, ఆ తర్వాతే తుడవమని చెప్పండి. రోజూ అక్కర్లేదు, వారానికి రెండుసార్లు చాలనండి. జీతం మాత్రం తగ్గించకండి.

చివరిగా, పాలిష్ పెట్టకూడని చోట్లు. మ్యాట్ పెయింటు మీద దేన్నీ రుద్దకండి, రుద్దిన చోట మెరుపు మచ్చ పడుతుంది, దాన్ని తీయడం ఎవరివల్లా కాదు. రూఫ్ మీదో బానెట్ మీదో క్లియర్ తెల్లగా పెచ్చులు లేస్తుంటే ఏ కాంపౌండూ దాన్ని బాగుచేయదు. రుద్దేకొద్దీ పెచ్చు పెద్దదవుతుంది. ఆ ప్యానెల్ రీపెయింటు చేయించడమే దారి. చేయించాక వెంటనే వాక్స్ గానీ సీలెంట్ గానీ పూయకండి. కొత్త పెయింటులోని ద్రావకాలు పూర్తిగా ఆరిపోవాలి. ఎన్నాళ్లాగాలో పెయింటరునే అడగండి, సాధారణంగా నెల రోజులంటారు. అప్పటిదాకా మంచినీళ్లు, కారు షాంపూ చాలు.